వంటింట్లో రెండో గొంతు

డిసెంబర్ 3, బుధవారం

ఇందుమూలంగా స్ప్లిట్ కోవ్ రేవులోని యావన్మంది ప్రజలకూ, పిల్లులకూ, కెటిల్‌కూ తెలియజేయడమేమనగా: వచ్చే గురువారం మధ్యాహ్నం ఈ వంటిల్లు వంటిల్లు కాదు, యూనివర్సిటీ. ఆ పూట కెటిల్ ఈల వేయరాదు. ఫ్రిజ్ గురక పెట్టరాదు. లోయోలా అనబడే మొగుడు బూట్లతో గాని, సాక్సులతో గాని, ఉత్త కాళ్ళతో గాని లోపల అడుగు పెట్టరాదు. తలుపు తట్టకుండా లోపలికొచ్చి టీ అడిగే జన్మహక్కు ఆ పూటకి రద్దు. ధిక్కరించినవారి బూట్లలో తర్వాత ఏం దొరుకుతుందో వారికే తెలుసు. ఇట్లు, ఇమెల్డా, వైస్ చాన్సలర్.

రాసి తలుపుకి అంటించాను. లోయోలా రెండుసార్లు చదివి, మరి బాత్రూమ్‌కి వెళ్ళాలంటే దరఖాస్తు ఎవరికి పెట్టుకోవాలమ్మా అన్నాడు. మా ఆయన హాస్యం అంతవరకే ఈదుతుంది, తర్వాత మునిగిపోతుంది.

ఇది ఆఖరి కోర్సు. ఎథిక్స్. నాకు, ఎథిక్స్! రేవంతా నవ్వుతోంది. నీకు గనక ఎథిక్స్‌లో పాస్ మార్కులొస్తే ఆ యూనివర్సిటీ మీద నేనే కేసు వేస్తా వదినా అంది బెర్నడీన్. లోయోలా చెల్లెలు. ఈ రేవులో నాలాగా పోస్టులో చదువుకునే రెండో ఆడమనిషి అదొక్కతే.

నవ్వుకోనీ. పీతల ప్లాంటులో ఉడికే ఆవిరి పీల్చీ పీల్చీ నా ఊపిరితిత్తులు పాత స్పాంజిలా అయ్యాయి. ఏప్రిల్లో సీజన్ మొదలయ్యాక మళ్ళీ ఆ షెడ్డులోకి వెళ్ళానంటే బతికి బయటికి రానని డాక్టరమ్మ చెప్పింది. అంత సూటిగా అనలేదనుకో, 'నాట్ అడ్వైజబుల్' అంది. పాత స్కూల్లో లెర్నింగ్ సెంటర్ ఉంది. దూరం నుంచి చదువుకునేవాళ్ళకి కంప్యూటర్లు, ప్రింటర్, వెచ్చటి గది. దాన్ని చూసుకునే ఆవిడ జనవరి ఆఖర్లో దిగిపోతోంది. ఆ కుర్చీ నీదే, సర్టిఫికెట్ తెచ్చుకో అన్నారు కమిటీ వాళ్ళు. సర్టిఫికెట్‌కి మిగిలింది ఈ ఒక్క పరీక్షే.

డిసెంబర్ 6, శనివారం

ఈ డైరీ పేజీల మధ్య జింజర్ బిస్కట్ పొడి ఉంది. నేను జింజర్ బిస్కట్లు తినను.

డిసెంబర్ 8, సోమవారం

డిస్కషన్ బోర్డులో వారానికి ఇద్దరికి రిప్లై పెట్టాలి. మార్కులుంటాయి. అందరూ ఒకేలా రాస్తారు: 'గొప్ప పాయింట్, నన్ను ఆలోచింపజేసింది.' అంతమంది ఆలోచిస్తే దేశం ఇలా ఎందుకుంటుంది? వీళ్ళంతా ఒక్కడేనని నా అనుమానం. ఎవడో ఒకడు గదిలో కూర్చుని పేర్లు మార్చి మార్చి రాస్తున్నాడు. ఆంటారియోలో లారీ తోలుతూ చదువుకుంటున్నానని చెప్పుకునే అతనికి, ఏమయ్యా, నువ్వు నిజంగా ఉన్నావా అని రాశాను. గొప్ప పాయింట్, నన్ను ఆలోచింపజేసింది అని జవాబిచ్చాడు.

లోయోలా, ఇది చదువుతున్నావని నాకు తెలుసు. నీ నడుం సైజు కిందటేటి కంటే పెరిగింది. బిస్కట్లు మానెయ్.

డిసెంబర్ 11, గురువారం, సాయంత్రం

పరీక్ష అయింది.

యూనివర్సిటీ వాళ్ళ గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక. ఆ అర్ధగంట ఉంది చూశావా, దాని పుణ్యాన కిందటేడు ఓ అసైన్‌మెంట్ గంగలో కలిసింది. ఈసారి ఫ్రిజ్ మీద రెండు గడియారాలు పెట్టాను. ఒకటి మనది, ఒకటి పడమటి ప్రెయిరీ మైదానాల్లో ఉన్న ఆ దొరలది.

ముందు కెమెరాతో గదంతా చూపించాలి. లాప్‌టాప్ రెండు చేతుల మీద ఎత్తుకుని, బాప్తిస్మం రోజు బిడ్డని చుట్టాలందరికీ చూపించినట్టు, మూలమూలకీ తిప్పాను. స్టవ్వు, సింకు, మేనత్త కార్మెల్ ఆఖరి రోజుల్లో పడుకున్న బల్లమంచం. గోడ మీద మేరీమాతని కూడా దించమంటారా అని టైప్ చేశాను. ఆవిడకి ఎథిక్స్ మొత్తం వచ్చు కదా, రేపు నా మీద పడుతుంది. జవాబు లేదు. అవతల మనిషి లేడు, మెషీన్. చూస్తుంది, వింటుంది, చెప్పదు. మా అత్తగారి టైపు.

రాయడం మాత్రం బాగా రాశాను. ప్రశ్నని నాలో నేను గొణుక్కుంటూ చదువుకుని, అర్థమయ్యాక రాసుకుపోయాను. పెదాలు కదపొచ్చని రూల్స్‌లో ఉంది, ముందే చూసుకున్నాను. స్నేహితుణ్ణి కాపాడటానికి అబద్ధం ఆడొచ్చా అని ఆఖరి ప్రశ్న. పేజీన్నర రాశాను. సారాంశం: అడిగేవాడెవడో చూసి.

డిసెంబర్ 11, పడుకోబోయే ముందు

పోర్చ్‌లో చెక్కపెట్టె తలుపు దగ్గరికి జరిగి ఉంది. దాని పక్కన జింజర్ బిస్కట్ పొడి. మధ్యాహ్నమంతా షెడ్డులో పీతల బోనులు బాగుచేసుకున్నానంటాడు లోయోలా. బయట మంచు, వాన కలిసి కొట్టింది. ఆయన బూట్లు ఎముకల్లా పొడిగా ఉన్నాయి.

అడగలేదు. అడిగితే జాగ్రత్తపడతాడు.

డిసెంబర్ 15, సోమవారం

హహహ! బెర్నడీన్, నా తల్లీ, నీకిన్నాళ్ళకి బుద్ధి వికసించింది!

పొద్దున్నే ఈమెయిల్. 'అకడమిక్ ఇంటెగ్రిటీ ఆఫీస్' నుంచట. నా పరీక్ష రికార్డింగులో రెండో మనిషి గొంతు పలుచోట్ల వినిపించిందట. గదిలో ఎవరో నాకు జవాబులు అందిస్తున్నారని అనుమానమట. పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. నేరం రుజువైతే కోర్సు రద్దు, మూడేళ్ళ దాకా మళ్ళీ చేరడానికి వీల్లేదట. గొంతు తాలూకు ముక్కలు జతచేశాం, వినండి అని కూడా రాసింది. ఎంత పనిమంతురాలు!

ఎందుకంటే అక్టోబర్లో నేను దానికి చేసింది ఇదే. యూనివర్సిటీ లైబ్రరీ వాళ్ళు పోస్టులో పుస్తకాలు పంపుతారు, చదివి తిరిగి పోస్టు చెయ్యాలి. 'మీరు తిప్పి పంపిన నర్సింగ్ పుస్తకంలో మొలాసిస్ పాకం మరక కనబడింది. మరకకి క్షమాపణ చెబుతూ స్వదస్తూరీతో ఒక పేజీ రాసి పంపగలరు' అని లైబ్రరీ పేరు మీద ఈమెయిల్ కొట్టాను. పాపం రెండు పేజీలు రాసింది. అందులో తన టిఫిన్ల అలవాటు గురించి ఒక పేరా. స్టాంపు కూడా అంటించింది. ఆ ఉత్తరం చదివి అక్కడెవరో ఎంత తికమకపడ్డారో దేవుడికే తెలియాలి. సంగతి తెలిశాక, చూస్తూ ఉండు వదినా, నీకూ ఓ రోజొస్తుంది అంది పళ్ళు కొరుకుతూ.

వచ్చింది. తగ్గ జవాబే ఇచ్చాను.

'అయ్యా, నేరం ఒప్పుకుంటున్నాను. గదిలో నాతోపాటు ముగ్గురున్నారు. ఒకటి కాడ్ చేప, ఎథిక్స్ అంతా కంఠతా వచ్చు, కాకపోతే ఉప్పు ఎక్కువ. రెండోది చచ్చిపోయిన మా మేనత్త కార్మెల్, ఈవిడకి ఏదీ తెలియదు గాని సలహా ఇవ్వకుండా ఉండలేదు. మూడోవారు బిషప్పుగారు, స్పెల్లింగుల కోసం పిలిపించాను. ఏ శిక్ష విధించినా శిరసావహిస్తాను. ఇట్లు మీ విధేయురాలైన దొంగ.'

పంపేశాను.

డిసెంబర్ 16, మంగళవారం

బెర్నడీన్ టీకి వచ్చింది. అబ్బో, ఇంటెగ్రిటీ ఆఫీసరుగారు వేంచేశారే అన్నాను. ఏం ఆఫీసరు వదినా అంది. నటించకు, బాగా రాశావు, కాడ్ చేప నచ్చిందా అన్నాను. నీకు మందు గాని మార్చారా ఆ డాక్టరమ్మ అంది. లాప్‌టాప్ తిప్పి చూపించాను. చదివింది. దాని మొహంలో రంగు పోయింది. వాళ్ళమ్మ మీద ఒట్టేసింది. అమ్మ మీద ఉత్తినే ఒట్టేసే పిల్ల కాదు, ఆవిడకి తెలిస్తే చంపేస్తుంది. తర్వాత పంపినవాళ్ళ అడ్రస్ చూడు వదినా అంది. ఇన్నేళ్ళుగా నాకు మార్కులు పంపిస్తున్న అడ్రస్ అదే. చివరి అక్షరం దాకా.

డిసెంబర్ 16, ఇంకా

అది బెర్నడీన్ కాదు.

డిసెంబర్ 18, గురువారం

హెడ్‌సెట్ పెట్టుకుని ఆ ముక్కలు విన్నాను. చెవులు చల్లబడ్డాయి.

ముందు నా గొణుగుడు. 'అంటే మాట ఇచ్చాక వెనక్కి పోకూడదన్నమాటేగా.' వెంటనే, నా భుజం మీదికి వంగి చెప్పినట్టు, ఎవరో 'హ్యా' అన్నారు.

అది గొంతు కాదు, గొంతు తాలూకు నీడ. మగో ఆడో పోల్చుకోలేం. చన్నీళ్ళలో కాలు పెట్టినప్పుడు వచ్చే చప్పుడులా ఉంది. ఇంకో ముక్క: 'రెండో సిద్ధాంతం ఇక్కడ పనికిరాదుగా.' హ్యా. ప్రతిసారీ నేను అడుగుతున్నాను, ఎవరో అవునంటున్నారు. పైగా ప్రతిసారీ కరెక్టు!

నా ఊపిరితిత్తుల పిల్లికూతలు కావొచ్చేమోనని ముందు అనుకున్నాను. బెర్నడీన్ చేత నర్సింగ్ పుస్తకం తెప్పించి, మళ్ళీ మళ్ళీ విన్నాం. కాదు వదినా, పిల్లికూత సాగుతుంది, ఇది మాట అంది. నర్సు చదువు చదివేది, దాని మాట కొట్టేయలేను.

అంటే ఆ మధ్యాహ్నం నా వంటింట్లో ఎవరో ఉన్నారు. నా వెనకే. కెమెరాకి కనపడకుండా, నాకు కనపడకుండా. బల్లమంచం వైపు చూశాను. జోకులోకి మేనత్త కార్మెల్ని ఎందుకు లాగానా అనిపించింది. హెడ్‌సెట్ మీద చర్చి నుంచి తెచ్చిన పవిత్రజలం చిలకరించాను. దాని కుడి చెవి పనిచేయడం మానేసింది.

డిసెంబర్ 19, శుక్రవారం

స్టూడెంట్ అడ్వైజర్‌కి ఫోన్ చేశాను. మంచి పిల్లే. నిజం చెప్పండి చాలు అంది. నిజమేంటో నాకు తెలిస్తే కదమ్మా అన్నాను. మీ మొదటి జవాబు ఫైల్లో ఉంది అంది మెల్లగా. అది సరదాకి రాసిందని చెప్పాను. విచారణ కమిటీ వాళ్ళకి బిషప్పుగారి విషయం నవ్వు తెప్పించలేదు, ఆయన పేరూ ఫోన్ నంబరూ అడిగారు అంది.

వీడియోలో విచారణట, జనవరి 14న. ఓడిపోతే మూడేళ్ళు. అప్పటికి లెర్నింగ్ సెంటర్ కుర్చీలో ఇంకెవరో పాతుకుపోయి ఉంటారు. నేను మళ్ళీ ఆ ఆవిరిలో.

ఇంతకీ ఒకటి తెలిసింది. జీవితమంతా రేవులో అందరినీ ఆటపట్టించిన మనిషి నిజం చెబితే, అందరూ తర్వాత వచ్చే జోకు కోసం ఎదురుచూస్తారు. పోస్టాఫీసులో ఈ గోల చెప్పి ఏడిచాను. కౌంటర్లో ఉన్నాయన పడీ పడీ నవ్వి, ఈసారిది బాగా కుదిరింది ఇమెల్డా అన్నాడు.

డిసెంబర్ 21, ఆదివారం

లోయోలా ఉప్పుమాంసం, కాబేజీ రెండుసార్లు వడ్డించుకున్నాడు. మనసులో దోషం ఉన్నవాడికి అంత ఆకలి వేస్తుందా? నటిస్తే వేస్తుంది.

పొడి బూట్లు. బిస్కట్ పొడి. ఈయన నా పుస్తకం చాటుగా చదువుతాడని నాకెప్పణ్ణించో తెలుసు, షెడ్డులో రంపాల కింద నా ఎథిక్స్ టెక్స్ట్‌బుక్ దొరికింది ఓసారి. అంటే ఈయనకి జవాబులు తెలుసు!

డిసెంబర్ 27, శనివారం

పండగ రోజుల్లో ఏడుస్తూ కూర్చుంటే లోకువైపోతామని మమ్మరింగ్‌కి, వేషాలు కట్టి ఇల్లిల్లూ తిరగడానికి, బయల్దేరాం, నేనూ బెర్నడీనూ. తలకి దిండు గలీబులు, కళ్ళకి కన్నాలు, లోయోలా రెయిన్‌కోటు నేను తిరగేసి వేసుకున్నా, వీపున ఓ మెత్త. నాలుగిళ్ళు తిరిగాం. ప్రతి ఇంట్లో గంతులు, ఓ గుక్క రమ్, ఓ ముక్క కేకు. ఇంటివాళ్ళు నడుములు తడిమి, చేతులు పట్టుకు చూసి, ఎవరివే నువ్వు, మాట్లాడు మాట్లాడు అంటారు. మాట్లాడతాం, కాని గొంతు దొరక్కుండా, ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడతాం. ఇన్నేళ్ళలో నన్ను పోల్చినవాడు పుట్టలేదు.

మా అత్తగారింట్లో మాకంటే ముందే ఇంకో ముగ్గురు వేషగాళ్ళున్నారు. అత్తగారికి, అదే నోనీ అత్తకి, ఎనభై దాటాయి, కళ్ళు మాత్రం డేగవి. పొడుగాటి వాణ్ణి పట్టుకుని, నీకు పెళ్ళయిందిరా అని అడిగింది. వాడు గలీబు లోంచి, ఊపిరి లాగి, 'హ్యా' అన్నాడు.

నా చేతిలో రమ్ గ్లాసు ఒలికిపోయింది.

అదే. హెడ్‌సెట్‌లో విన్నది అదే, అచ్చంగా. నా వంటింట్లో ఉన్నవాడు దొంగ గొంతుతో మాట్లాడాడు. కావాలని. ఎవడో మమ్మర్!

డిసెంబర్ 28, ఆదివారం

పొద్దున్నించీ ఊరంతా దర్యాప్తు. ఎవరు ఊపిరి లోపలికి లాగి మాట్లాడతారో వాళ్ళే దొంగ. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, అవును అనాల్సిన ప్రశ్నే వేశాను.

ఫాదర్, రేపు పూజ ఉందా? హ్యా. పోస్టాఫీసాయనా, తాళం వేశావా? హ్యా, హ్యా, ఇప్పుడే. లెర్నింగ్ సెంటర్ కమిటీ సెక్రటరీకి చేశాను, చలిగా ఉంది కదూ అన్నాను. హ్యా అంది, ఆ తర్వాత అసలు ఎందుకు చేశావే అంది. నోనీ అత్త అయితే, నేను అడక్కముందే హ్యా అంది, ఏదడిగినా అవుననేస్తే ఫోన్ త్వరగా పెట్టేస్తానని.

సాయంత్రానికి తేలిందేమంటే, ఆ మధ్యాహ్నం స్ప్లిట్ కోవ్ రేవు మొత్తం నా వంటింట్లో ఉంది.

డిసెంబర్ 29, సోమవారం

నిలదీశాను. ఏవయ్యా, పొడి బూట్లు, జరిగిన పెట్టె, బిస్కట్ పొడి, ఏంటి కథ అన్నాను. టీ కప్పు పక్కన పెట్టాడు. తర్వాత చెప్పాడు. షెడ్డుకి వెళ్ళలేదట. పోర్చ్‌లో తలుపుకి వీపు ఆనించి పెట్టె మీద కూర్చున్నాడట, పరీక్ష అయ్యేదాకా. ఈ ఊళ్ళో నీ నోటీసు ఎవడు చదువుతాడే, ఎవడో ఒకడు టీ అంటూ చొరబడతాడు, నీ పరీక్ష పోతుంది, అందుకని కాపలా కాశాను అన్నాడు. ఆ చలిలో. బిస్కట్ కూడా నానబెట్టుకుని తిన్నాడట, కొరికితే చప్పుడవుతుందని. వచ్చినవాళ్ళని చేత్తో సైగ చేసి పంపేశాడట. వాళ్ళలో బెర్నడీన్ కూడా ఉంది, అది నాకు చెప్పనేలేదు.

నాకు ఏడుపు రావాలి. రాలేదు. అనుమానం అలవాటైతే ఒక పట్టాన వదలదు. మరి లోపల మాట్లాడిందెవరు అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. పెళ్ళయ్యాక ఇది మూడోసారో నాలుగోసారో. అంటే నేనే లోపలికొచ్చి నీ చెవిలో ఊదానని అనుకుంటున్నావా అన్నాడు.

'హ్యా' అన్నాను.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

మళ్ళీ అనవే అన్నాడు. ఏమని అన్నాను. ఇప్పుడన్నావే, అది అన్నాడు. నేనేం అనలేదే అన్నాను. అన్నావు, లోపలికి పీల్చి అన్నావు అన్నాడు. కాదు అన్నాను. నీ పేరు ఇమెల్డాయేనా అన్నాడు, నేను చూసుకోకుండానే హ్యా అనేశాను.

నా వంటింట్లో రెండో మనిషి నేనే. నన్ను నేను అడుగుతున్నాను, నాకు నేనే అవునంటున్నాను. పుట్టినప్పటి నుంచి అలాగే అంటున్నానట, ఆయనకి తెలుసట, ఊళ్ళో అందరం అంతేనట, అదీ చెప్పే విషయమేనా అన్నాడు. ఎవరూ పోల్చలేని మమ్మర్‌నని విర్రవీగాను కదా. నన్ను నేను కూడా పోల్చుకోలేదు.

తర్వాత ఏడుపొచ్చింది. జింజర్ బిస్కట్ ఒకటి తీసుకున్నాను. అంత అధ్వానంగా ఏం లేదు.

జనవరి 14, బుధవారం

లెర్నింగ్ సెంటర్లో కూర్చున్నాం, ఇంట్లో నెట్ నమ్మలేక. ఇవాళ కూడా లోయోలా బయట తలుపు దగ్గరే.

స్క్రీన్ మీద ముగ్గురు. ఛైర్మన్, ఇస్త్రీ చేసిన మొహం. డాక్టర్ లిండ్‌క్విస్ట్ అని ఒకావిడ, మనుషుల మాటతీరుల మీద పనిచేస్తుందట. మూడోది స్టూడెంట్ల తరఫు అమ్మాయి, తన పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కెమెరాకి అందకుండా ఊపుతోంది.

అంతా చెప్పాను. కాడ్ చేప గురించీ చెప్పాను, మొలాసిస్ మరక గురించీ చెప్పాను. ఛైర్మన్ ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో ఊహించగలను.

సాక్షిగా బెర్నడీన్ని పిలిచారు. మీరు ఇమెల్డాగారి ఆడపడుచేనా అన్నాడాయన. హ్యా అంది బెర్నడీన్. ఆయన ఎదురుచూశాడు. మీరు కూడా మా విద్యార్థేనా? హ్యా. మేడమ్, మీరు మ్యూట్‌లో ఉన్నట్టున్నారు. బెర్నడీన్ బటన్ చూసుకుంది, లేదు. మా మాట వినపడుతోందా అండీ? హ్యా, హ్యా! మాటలన్నీ స్క్రీన్ కింద అక్షరాలుగా పడుతున్నాయి కదా, దాని వంతు వచ్చేసరికి ఖాళీ. నాలుగోసారి అడిగేసరికి దానికి తిక్కరేగింది. చెబుతూనే ఉన్నాను కదయ్యా పెద్దమనిషీ, చెవుల్లో ఏం కూరుకున్నావు అంది. అవన్నీ అక్షరం పొల్లుపోకుండా పడ్డాయి.

లిండ్‌క్విస్ట్ ముందుకి వంగింది. కళ్ళు మెరిశాయి ఆవిడకి.

ఛైర్మన్ మాత్రం మెత్తబడలేదు. మీరిద్దరూ వేషాలు వేయడంలో దిట్టలని మీరే చెప్పారు, ఇది కూడా ముందే సాధన చేసుకొచ్చింది కాదని మేమెలా నమ్మాలి అన్నాడు. నేనే ఆయన కుర్చీలో ఉంటే నన్ను నమ్మను.

అప్పుడు లిండ్‌క్విస్ట్ అడిగింది. అవును అనే మాటనే ఎందుకు లోపలికి లాగుతారు, ఎవరైనా చెప్పారా మీకు అని.

మా నాయనమ్మ చెప్పేది అన్నాను. మగాళ్ళు బోట్లలో ఉన్న పూట ఆడవాళ్ళు అవును అనే మాట బయటికి వదలకూడదు. వదిలితే గాలి ఎత్తుకుపోతుంది. సముద్రం ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది కదా, ఎవరో సరే అన్నారనుకుని తీసేసుకుంటుంది. అందుకని అవునుని ఊపిరితో లోపలికి లాక్కుని కడుపులో దాచుకోవాలి, బోటు రేవుకి చేరేదాకా. అలా అలా మా నోళ్ళకి అదే పడిపోయింది అన్నాను.

ఆ అమ్మాయి పిల్లాణ్ణి ఊపడం ఆపేసింది. ఛైర్మన్ కళ్ళద్దాలు తీసి, తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నాడు.

బెర్నడీన్ నా వైపు ఒకలా చూసింది. ఆ చూపేమిటో నాకర్థం కాలేదు.

జనవరి 26, సోమవారం

అభియోగం కొట్టేశారు. ఎథిక్స్‌లో 71.

ఈమెయిల్ మర్యాదల మీద ఓ చిన్న ఆన్‌లైన్ కోర్సు మాత్రం తప్పనిసరిగా చేయాలట. బిషప్పుగారిని ప్రత్యేకంగా ప్రస్తావించారు.

లోయోలా నా సర్టిఫికెట్ ప్రింటుని మేరీమాత పక్కన మేకు కొట్టి తగిలించాడు. పక్కకి ఒరిగింది. నేనే సరిచేయనివ్వలేదు. వచ్చే సోమవారం నుంచి లెర్నింగ్ సెంటర్ తాళాలు నా దగ్గర ఉంటాయి. డాక్టరమ్మకి ఫోన్ చేసి చెబితే, ఆవిడ కూడా హ్యా అంది. పై ఊరి నుంచి వచ్చిన మనిషి, ఎప్పుడంటుకుందో!

మార్చి 9, సోమవారం

లిండ్‌క్విస్ట్ ఈమెయిల్. ఆ మాట తనని వదలడం లేదట. వేసవిలో ఇక్కడికొస్తుందట, రికార్డర్ పట్టుకుని. మా నాయనమ్మ పేరేంటి, ఏ ఊరి పిల్ల, ఆవిడకి ఎవరు చెప్పారు, ఇంకా గుర్తున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడుగుతోంది. వ్యాసం రాస్తుందట.

ఏం చెప్పాలో తోచక నోనీ అత్త దగ్గరికెళ్ళాను. సంగతి చెప్పాను. అల్లిక పని ఆపకుండానే, ఓ, అదా, నీ నాయనమ్మ ఒక్కతేనా, మా అమ్మ కూడా అనేది, బోటు వచ్చాకే అవును వదలాలే అనేది అంది. మా అమ్మకి వాళ్ళమ్మ చెప్పిందట అంది.

ఎంతసేపు చూసినా ఆవిడ మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు. ఈవిడ నన్ను ఆటపట్టిస్తోందా? లేక నన్ను కాపాడుతోందా? లేకపోతే మరీ ఘోరంగా, నిజమే చెబుతోందా?

ఆ టీచరమ్మని రమ్మను, నేను చెబుతాను, కేక్ తెమ్మను అంది.

ఏప్రిల్ 11, శనివారం

ఈ డైరీ ఇప్పుడు ఇస్త్రీ బట్టల బుట్టలో ఉంటోంది. లోయోలా జన్మలో చెయ్యి పెట్టని చోటు. కాబట్టి రాయొచ్చు.

ఇవాళ పొగమంచు. లోయోలా వాళ్ళు పీతలకి వెళ్ళిన బోటు ఇంకా రాలేదు. రేవు మీద బెర్నడీన్ నా పక్కన నిలబడి, వస్తారంటావా వదినా అంది. హ్యా అన్నాను. అని, ఊపిరి వదల్లేదు. ఇంజన్ చప్పుడు వినిపించేదాకా కడుపులోనే పట్టుకున్నాను. అది కూడా పట్టుకుంది, చూశాను.

మా నాయనమ్మ అలాంటి మాట ఎప్పుడూ చెప్పలేదు. మొత్తం నేనే అల్లాను, అక్కడికక్కడ, ఛైర్మన్ మొహం చూస్తూ. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఎవరికీ అవునన్న మనిషే కాదు.